బొంకులదిబ్బ ప్రేక్షకులు

విజయనగరం కోట దగ్గరి బొంకులదిబ్బ పేరు తెలుగు చదివినవారిలో చాలామందికి ఒక ఊరి భాగంగా కాక, కన్యాశుల్కం నాటకం తెరలేచే చోటుగా మాత్రమే తెలుసు. బొంకు అంటే అబద్ధం కనుక, అబద్ధాన్నే జీవనాధారం చేసుకున్న గిరీశాన్ని మొదటిసారి నిలబెట్టడానికి గురజాడ అప్పారావు ఆ పేరును కల్పించి ఉంటారని బయటి ఊళ్ల పాఠకులు భావించడంలో వింత లేదు. ఊరివారికి మాత్రం అది గంటస్తంభం, మూడు లాంతర్లు, అయ్యకోనేరు వంటి పేర్ల సరసన రోజూ నోట నలిగే పేరు. ఒకే రంగాన్ని చూస్తున్న ఇద్దరు ప్రేక్షకులలో ఒకడు చమత్కారమైన కల్పనను చూసి నవ్వితే, రెండోవాడు తాను పొద్దున నడిచివచ్చిన దారిని వేదిక మీద గుర్తుపట్టి నవ్వుతాడు. ఈ రెండో నవ్వుకు విజయనగరంలో నూటముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. నాటకాన్ని గురించి వచ్చిన విమర్శ ఒక గ్రంథాలయానికి సరిపడేంత ఉన్నా, దానిని చూసి నవ్విన ఊరి గురించి రాసింది చాలా తక్కువ.

నాటకశాస్త్రంలో హాస్యప్రధానమైన రూపకానికి ప్రహసనం అని పేరు. దశరూపకాలుగా లెక్కించిన పది నాటక భేదాలలో అది ఒకటి. కపట సన్యాసులు, ధూర్తులు, వారి చేతుల్లో మోసపోయేవారు దానికి పాత్రలు. ఉత్తరాంధ్ర పల్లెలు ఆ శాస్త్రంతో పని లేకుండానే నవ్వును తమ ఆటల్లో నిలుపుకొన్నాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామాయణ కథ నడుమ దూరి ఊరి సంగతులు మాట్లాడేవారు. సత్యభామ కథను ప్రధానంగా ఆడే ఈ ప్రాంతపు యక్షగాన రూపమైన తూర్పు భాగవతంలో కూడా గంభీరమైన పదానికీ దరువుకూ మధ్య వెటకారపు సంభాషణకు చోటుండేది. అయితే ఈ ఆటలన్నింటిలో నవ్వించే అధికారం పక్క పాత్రలకే దక్కింది, అసలు కథ మాత్రం దేవతలది, రాజులది. నవ్వు కథకు విరామమే గాని కథ కాలేదు. కన్యాశుల్కం ఈ అమరికను తలకిందులు చేసి, నవ్వు పుట్టించే మనుషులనే కథగా నడిపింది, ఆ మనుషులను విజయనగరం నుంచీ దాని చుట్టుపక్కల అగ్రహారాల నుంచీ తెచ్చింది. అగ్రహారమంటే పూర్వం పాలకులు బ్రాహ్మణులకు పన్ను లేకుండానో, తేలిక పన్నుతోనో దానమిచ్చిన గ్రామం. ప్రదర్శన చూడవచ్చిన వారిలో చాలామందికి అటువంటి గ్రామాలతో బంధుత్వాలు, భూముల లావాదేవీలు ఉండేవి.

ఆ నవ్వు వెనుక ఎంత బరువున్నదో గ్రహించాలంటే కన్యాశుల్కమనే ఆచారాన్ని తెలుసుకోవాలి. పిల్లనిచ్చే తండ్రి వరుని వైపు నుంచి సొమ్ము తీసుకోవడం ఆ ఆచారం. సొమ్ము ఎక్కువ ఇవ్వగలిగినవాడు తరచుగా వయసు మళ్లినవాడే కావడంతో పసిపిల్లలు ముసలివారికి భార్యలై, ఊహ తెలియకముందే వితంతువులయ్యేవారు. విజయనగర సంస్థానాధీశుడు ఆనంద గజపతి విశాఖపట్నం ప్రాంతంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల పట్టిక వేయించారు. గురజాడ తమ నాటకం తొలి కూర్పు పీఠికలో ఆ పట్టిక లెక్కలను ఇచ్చారు. మూడేళ్లలో నమోదైన పెళ్లిళ్లు 1,034. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల దాకా వెల పలికింది. ఈ అంకెలు గుర్తున్నవారికి, నాటకంలో అగ్నిహోత్రావధానులు తన రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు 1,800 రూపాయలకు కుదుర్చుకోవడం అతిశయోక్తిగా తోచదు. పెద్ద కూతురు బుచ్చమ్మను అంతకుముందే అదే విధంగా ఇచ్చి విధవను చేసుకున్న తండ్రి, భార్య ఏడ్చినా బావమరిది వాదించినా వినకుండా రెండో బేరానికి దిగుతుంటే సభ నవ్వుతుంది. అలా నవ్వినవారిలో స్వయంగా శుల్కం పుచ్చుకున్నవారు గాని, అటువంటి పెళ్లికి భోజనానికి వెళ్లివచ్చినవారు గాని లేరనుకోవడానికి ఆ 1,034 పెళ్లిళ్లు అడ్డుపడతాయి.

నాటకాన్ని మొదటిసారి 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ప్రదర్శించింది. ఇది సంస్థానం ఆదరణలో పనిచేస్తూ సంస్కృత నాటకాలకు పేరు తెచ్చుకున్న స్థానిక నాటక సమాజం. దాని ప్రదర్శనలకు అలవాటుపడిన సభాసదులు సంస్కృత శ్లోకం విని తల ఊపగలవారు, కనీసం తల ఊపడం మర్యాద అని తెలిసినవారు. వారి ముందు ఒక పూటకూళ్లమ్మ, ఒక వేశ్య, ఒక పాలేరు, పరీక్ష తప్పిన ఒక కుర్రవాడు తాము ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడడం అంతకుముందు ఆ సమాజం ఎరుగని సంగతి. తెలుగు రంగస్థలానికి పనికిరాదన్న వాడుక అభిప్రాయాన్ని ఖండించడం తమ ఉద్దేశాలలో ఒకటని గురజాడ తరువాత రాసుకున్నారు. పుస్తకంగా అచ్చువేయాలన్న ఆలోచన మొదట లేదని, సంఘసంస్కరణకు తోడ్పడడం కోసం రాశామని కూడా చెప్పుకున్నారు. 1897లో నాటకం అచ్చై ఆనంద గజపతికి అంకితమైంది, ఆ మహారాజు అదే ఏడాది మరణించారు. అంటే అయిదేళ్లపాటు ఈ నాటకానికి పాఠకులు లేరు, ప్రేక్షకులే ఉన్నారు. కన్యాశుల్కం సంగతి తెలియాలంటే చూసి తీరాలి, లేదా చూసినవారి నోట వినాలి. తెలుగు సాహిత్య చరిత్రలు 1897ను, తిరగరాసిన కూర్పు వెలువడిన 1909ని ప్రధానంగా లెక్కించి 1892ను ఒక తారీఖుగా మాత్రమే పేర్కొనడం న్యాయం కాదు, ఎందుకంటే నాటకం నిలుస్తుందో లేదో తేల్చిన మొదటి తీర్పు సభలో కూర్చున్నవారిదే.

ఆ సభలో విద్యార్థులకు ప్రత్యేకమైన స్థానం ఉంది. విజయనగరం పాఠశాల 1879 నాటికి మహారాజా కళాశాలగా ఎదగడంతో చుట్టుపక్కల గ్రామాల పిల్లలు చదువుకోసం పట్నం చేరేవారు. వారిలో చాలామందికి పూటకూళ్ల ఇళ్లే భోజన వసతి. పూటకూడు అంటే పూటకింత అని డబ్బు తీసుకుని పెట్టే భోజనం. దానిని నడిపే స్త్రీలలో వేరే ఆధారం లేని వితంతువులు ఉండేవారు. పల్లె నుంచి వచ్చి చదువు సాగక చుట్టలు కాల్చడం నేర్చిన అగ్నిహోత్రావధానుల కొడుకు వెంకటేశం, అతనికి గురువునని చెప్పుకుంటూ పూటకూళ్లమ్మ సొమ్ము మీద బతికే గిరీశం ఈ విద్యార్థులకు అపరిచితులు కారు. పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని వేశ్య మధురవాణి ఇంటికి వచ్చే ఘట్టంలో అగ్రహారపు పెద్దమనిషి రామప్పంతులు, గిరీశం ఇద్దరూ ఒకే మంచం కింద దాక్కోవలసి వస్తుంది, దెబ్బ మాత్రం రామప్పంతులు మీద పడుతుంది. చదువు లేని ప్రేక్షకుడు కూడా మాట అర్థం కాకున్నా కడుపుబ్బ నవ్వే ఘట్టమిది. పూటకూళ్ల ఇంట్లో బాకీపడిన విద్యార్థి ఆ నవ్వులో కొంత ఉలికిపాటు కలుపుకొని ఉంటాడని ఊహించడం కష్టం కాదు.

ఆంగ్లం మాటలు సభను రెండుగా చీల్చేవి. గిరీశం, వెంకటేశం అగ్రహారంలో పెద్దల ఎదుట ఆంగ్లంలో మాట్లాడుకునే ఘట్టంలో వారు పలికేవి పాఠ్యపుస్తకాల తునకలు, పొంతన లేని వాక్యాలు. ఆ భాష వచ్చినవారు ఆ పొంతనలేమికి నవ్వుతారు. ఆ భాష రానివారు కొడుకు చదువును చూసి మురిసిపోతున్న తల్లి ముఖాన్ని చూస్తారు, ఎందుకంటే తమ ఇంట్లోనూ అటువంటి మురిపెం జరిగే ఉంటుంది. ఒకే మాట మీద రెండు వేర్వేరు కారణాలతో రెండు వైపుల నుంచి నవ్వు లేచే ఈ ఏర్పాటు కన్యాశుల్కం ప్రదర్శనలో అత్యంత సూక్ష్మమైన పని అని చెప్పవచ్చు. ఆంగ్లం అందరికీ కొంత వచ్చిన నేటి సభలో ఆ చీలిక పూడిపోయి, తల్లి ముఖం మీది వెలుగు వెనకబడుతోంది.

స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో ఈ నాటకం చూసిన అనుభవాన్ని నేటి ప్రేక్షకుడు పూర్తిగా ఊహించలేడు. సుబ్బి పెళ్లి తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి, తన కూతురని చెప్పి లుబ్ధావధానులకు అంటగడతాడు. వేదిక మీద బుచ్చమ్మగా, ఆమె తల్లి వెంకమ్మగా, లుబ్ధావధానుల కూతురు మీనాక్షిగా కనిపించేవారంతా మగవారేనని సభకు తెలుసు, తెలిసి కూడా వారిని స్త్రీలుగానే స్వీకరించడం ప్రేక్షకుడు నాటకంతో చేసుకునే ఒడంబడిక. శిష్యుడి చీరను మాత్రం సభ వేషంగా చూడాలి, లుబ్ధావధానులు నిజంగా చూడాలి. ఒకే రకమైన చీర, ఒకే రకమైన గొంతు ఒక పాత్రలో నిజం, మరొక పాత్రలో మోసం అని నిమిష నిమిషానికీ తేడా పట్టుకోవలసిన ఈ పని ప్రేక్షకుడిని నాటకంలో భాగస్థుడిని చేసింది. చివరి అంకంలో మధురవాణి మగవేషంతో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. అంటే స్త్రీ వేషంలో ఉన్న నటుడు మళ్లీ పురుషుడి వేషం వేస్తాడు. నటీమణులు రంగస్థలం మీదికి వచ్చి మధురవాణికి సహజమైన గొంతు, నడక ఇచ్చినప్పుడు నాటకానికి కలిగిన లాభం చాలా పెద్దది, దానిని తక్కువ చేయడానికి వీలు లేదు. అయినా పాత ఏర్పాటులో మాత్రమే సాధ్యమైన ఒక ఆనందం దానితోపాటు వెళ్లిపోయింది.

పద్యనాటకం చూసే సభకూ ఈ నాటకం చూసే సభకూ అలవాట్లు వేరు. పద్యనాటకమంటే పాత్రలు ముఖ్యమైన సందర్భాలలో రాగం తీసి పద్యం పాడే నాటకం. నచ్చిన పద్యానికి సభ వన్స్‌మోర్ అని కేకవేస్తే, కథలో ఆ పాత్ర చనిపోతున్నా సరే నటుడు మళ్లీ పాడేవాడు. కన్యాశుల్కం ప్రధానంగా వచన నాటకం కావడంతో ఆ కేకకు చోటు తక్కువ. చమత్కారం ఒకసారి వినగానే పేలుతుంది, రెండోసారి చెప్పించుకుంటే చప్పబడుతుంది. కాబట్టి సభ తన మెప్పును నవ్వుతోనే తెలపాలి, ఆ నవ్వు తరువాతి మాటను ముంచివేయకుండా నటుడు ఆగాలి. మైకు లేని రోజుల్లో ఈ ఆగడం నటనలో సగం. ఎక్కువసేపు ఆగితే రంగం సడలుతుంది, తక్కువసేపు ఆగితే వెనక వరుసలవారికి మాట అందదు. ఈ నాటకం బాగా తెలిసిన ఊరిలో మరో చిక్కు ఉంది. రాబోయే మాట ముందే తెలిసిన సభ మాటకు ముందే నవ్వడం మొదలుపెడుతుంది, కొందరు పెదవులతో ఆ మాటను నటుడికన్నా ముందే పలుకుతారు. అటువంటి సభ ముందు గిరీశం వేయడం కొత్త ఊళ్లో వేయడం కన్నా కఠినమైన పని, ఎందుకంటే ప్రేక్షకుడి మనసులో అప్పటికే ఒక గిరీశం ఉన్నాడు.

ఆ గిరీశానికి చాలాకాలం జె.వి. రమణమూర్తి రూపం ఉండేది. ఆయన తమ అన్న జె.వి. సోమయాజులుతో కలిసి 1953 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా ఈ నాటకాన్ని వందలసార్లు ఆడారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. శంకరాభరణం చిత్రంలో శంకరశాస్త్రిగా దేశమంతా నమస్కరించిన సోమయాజులును అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉత్తరాంధ్ర సభలు రామప్పంతులుగా ఎరుగును. ఇది ప్రేక్షక చరిత్రలో గమనించదగిన సంగతి. 1980లో ఆ చిత్రం చూసిన మిగిలిన ఆంధ్రులకు ఆయన గాంభీర్యమే మొదటి పరిచయం కాగా, ఇక్కడి పాత ప్రేక్షకులకు దొంగపత్రాలు, తగువులు, దాక్షిణ్యం లేని చలాకీతనం నిండిన ఒక అగ్రహారపు పెద్దమనిషి ముఖం ఆ గాంభీర్యం వెనక కనిపించి ఉంటుంది. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులుగా సినిమా వచ్చింది. కథను నాటకం చేరని ఊళ్లకు అది చేర్చింది. అయితే తెరమీది నటుడు సభ నవ్వుకోసం ఆగడు కనుక, నవ్వును నటుడూ సభా కలిసి పెంచుకునే అనుభవం నాటకానికే మిగిలిపోయింది.

ప్రదర్శన నిడివి ఈ నాటకం చరిత్రలో తేలని సమస్య. 1897 నాటి కూర్పులో అయిదు అంకాలుండగా 1909లో గురజాడ దానిని తిరగరాసి ఏడు అంకాలకు పెంచారు, మధురవాణి పాత్ర ఆ మలి కూర్పులోనే ఇప్పటి విస్తారాన్ని, తెలివిని పొందింది. మరుగునపడిన తొలి కూర్పును 1969లో పరిశోధకుడు బంగోరె తిరిగి అచ్చు వేయించేదాకా, వేదిక మీద మొదట ఎక్కిన నాటకానికీ ఊరు తరువాత చదివిన నాటకానికీ మధ్య ఎంత దూరముందో సాధారణ పాఠకులకు తెలియలేదు. మలి కూర్పును ఒక్క ముక్క వదలకుండా ఆడితే ఒక రాత్రి అంతా పడుతుంది. అందువల్ల ప్రతి సమాజమూ దానిని రెండు మూడు గంటలకు కుదించుకుంది, కుదింపులో కథను ముందుకు నెట్టే రంగాలు మిగిలి ఊరిని చూపే రంగాలు ముందుగా పోయాయి. సారా దుకాణం దగ్గర బైరాగి, హవల్దారు, దుకాణదారు మాట్లాడుకునే రంగానికి, పోలిశెట్టి పేకాట రంగానికి, లుబ్ధావధానులు పాలేరు అసిరిగాడి మాటలకు కథతో పని తక్కువే. అయినా నాటకంలో అగ్రహారం గడప దాటి బయటి జనం గొంతు వినిపించేది అక్కడే. అసిరిగాడి నోట వినిపించే ఉత్తరాంధ్ర పలుకుబడి ఇతర ప్రాంతాల సభకు వింత ఉచ్చారణగా మాత్రమే తోస్తుంది, ఇక్కడ వెనక వరుసలో కూర్చున్నవాడికి మాత్రం అది తన ఇంటి మాట. దానిని కోసివేసినప్పుడు నష్టపోయేది ఆ ప్రేక్షకుడే.

నేటి సభకు కన్యాశుల్కం కళ్లతో చూసిన ఆచారం కాదు. సొమ్ము చేతులు మారే దిక్కు తిరగబడి, వరుడికి కట్నమివ్వడం రెండు మూడు తరాలుగా రివాజైంది. పెళ్లికూతురి తండ్రి డబ్బు పుచ్చుకోవడమనే మాట వినగానే యువ ప్రేక్షకులు ఒక క్షణం తికమకపడతారు. కంటె అంటే మెడలో వేసుకునే నగ అని, సిద్ధాంతి అంటే పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టేవాడని చెప్పవలసిన అవసరం కూడా ఏర్పడింది. గిరీశం మాటలు కొన్ని సామెతలై, నాటకం పేరు వినని వారి నోట కూడా నలుగుతున్నాయి గనుక ఆ మాటలు వచ్చిన చోట చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లలో సామెతను గుర్తుపట్టిన సంతోషమే ఎక్కువ, ఆ మాట ఏ మోసాన్ని కప్పిపుచ్చడానికి పుట్టిందో పట్టించుకోవడం తక్కువ. చివరి అంకం మొదలయ్యాక మాత్రం పాత సభకూ కొత్త సభకూ తేడా ఉండదు. కథ విశాఖపట్నంలో సౌజన్యారావు ఇంటికి చేరి, గిరీశం లేవదీసుకుపోయిన బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే నిర్ణయం వచ్చేసరికి, అప్పటిదాకా నవ్విన సభ మెల్లగా సద్దుమణుగుతుంది. నవ్వించిన మోసగాడు ఒక పిల్ల బతుకుతో ఆడుకున్నాడని అందరికీ ఒకేసారి తోచే ఆ నిశ్శబ్దం కోసమే గురజాడ అంతసేపు నవ్వించారనడం తప్పు కాదు.

విజయనగరంలో గురజాడ నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచింది, ఆయన విగ్రహాలకు ఏటా దండలు పడుతున్నాయి. 1950లలో సోమయాజులు, రమణమూర్తుల ప్రదర్శనలను పిల్లలుగా చూసినవారిలో మిగిలినవారు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నవారు. ఏ రంగంలో ముందు వరుస నవ్వింది, ఏ రంగంలో ఆడవారు కళ్లు తుడుచుకున్నారు, నాటకం వదిలాక దారిలో ఏ పాత్రను గురించి మాట్లాడుకున్నారు అన్న సంగతులు వారి జ్ఞాపకంలో తప్ప ఏ కాగితం మీదా లేవు. వాటిని వారి మాటల్లోనే రాసి ఉంచే పని ఊరి కళాశాలలు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. దానితోపాటు మలి కూర్పును కోత లేకుండా, సారా దుకాణంతో, పేకాటతో, అసిరిగాడితో సహా, రెండు రాత్రులుగా విడగొట్టి బొంకులదిబ్బ దగ్గరే ఆరుబయట ఆడించడం ఊరికి అసాధ్యమైన పని కాదు.